ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు

“సింగపూర్ వచ్చినవాళ్లందరూ షికారుకి సెంటోసా దీవికి వెళ్తారు. మీరేంటి బావా, క్వారంటైన్ దీవి అంటారు?” అని మా బావమరిది పొద్దున్నుంచీ గొణుగుతూనే ఉన్నాడు. దానికితోడు నా బద్ధకం వల్ల మొదటి ఫెర్రీ తప్పిపోయింది. మరీనా సౌత్ పియర్‌లో రెండో దానికోసం కాఫీ తాగుతూ కూర్చున్నాం.

ఈ పిచ్చి ముందురోజు తెలోక్ అయర్ వీధిలో పట్టుకుంది. అక్కడ థియాన్ హాక్ కెంగ్ గుడి ఉంది. కట్టడం 1842లో పూర్తయింది. లోపల ఉన్నది సముద్రాన్ని కాచే తల్లి మాజు. అప్పట్లో గుడి ఎదురుగానే అలలు. చైనా నుంచి ప్రాణాలతో చేరినవాళ్లు ఇక్కడికొచ్చి అగరొత్తులు వెలిగించేవాళ్లు. ఇప్పుడు సముద్రాన్ని పూడ్చుకుంటూ పోయారు కాబట్టి గుమ్మంలో నిలబడితే కనిపించేది రోడ్డూ, బిల్డింగులూ.

అందరూ దిగీదిగగానే గుడికి రాగలిగేవాళ్లు కాదు. టికెట్ డబ్బు సొంతంగా పెట్టుకున్నవాడు తన దారిన తాను పోయేవాడు. దళారి పెట్టిన డబ్బుతో వచ్చినవాడి పేరు ‘సింఖే’, అంటే కొత్తగా వచ్చిన అతిథి. ఎవరో ఒక యజమాని ఆ బాకీ తీర్చి తీసుకెళ్లేదాకా ఈ అతిథికి కాలు కదిపే వీల్లేదు. దక్షిణ చైనాలో కాంటన్ వైపు జనం ఈ బేరాన్ని పందిపిల్లల అమ్మకం అనేవాళ్లట. వాళ్లు పెట్టిన పేరే సరిగ్గా ఉంది.

ఓడల్లో చావులు ఎక్కువై గోల పెరిగాక బ్రిటిష్ పార్లమెంటు 1855లో చైనీస్ ప్యాసెంజర్స్ యాక్ట్ తెచ్చింది. హాంకాంగ్ నుంచి 20 మందికి మించి ఆసియా ప్రయాణికులతో, ఏడు రోజులకు పైబడిన ప్రయాణానికి వెళ్లే ఓడను అధికారి తనిఖీ చేయాలి. మనిషికి 12 చదరపు అడుగుల నేల, 72 ఘనపుటడుగుల చోటు ఇవ్వాలి. వ్యాపారులేం చేశారు? బేరాన్ని పక్కనే పోర్చుగీసువాళ్ల చేతిలో ఉన్న మకావుకు మార్చుకున్నారు. క్యూబాకూ, పెరూకూ అక్కణ్ణుంచి ఓడలు సాగాయి. 1874లో గానీ అది ఆగలేదు.

సింగపూర్‌లో 1877లో చైనీస్ ప్రొటెక్టరేట్ పెట్టారు, అంటే వలసొచ్చిన చైనీయుల వ్యవహారాలు చూసే సర్కారు ఆఫీసు. మొదటి ప్రొటెక్టర్ విలియం పికరింగ్, చైనా భాషలు మాట్లాడగలిగిన తెల్లదొర. ఆఫీసు నార్త్ కెనాల్ రోడ్డులో ఓ షాప్‌హౌస్, కింద కొట్టూ పైన ఇల్లూ ఉండే కట్టడం. ఆయన మనుషులు వచ్చిన ఓడల మీదికెళ్లి, బాకీ లేనివాళ్లను వదిలేసి, ఉన్నవాళ్లను లైసెన్సున్న డిపోలకు పంపేవాళ్లు. పనికి ఒప్పందం అధికారి ముందు కుదరాలి. దళారికి లైసెన్స్ వచ్చింది గానీ బాకీ మాత్రం బాకీలాగే ఉంది. చైనా కూలీల ఒప్పంద పద్ధతి పోయేసరికి 1914 అయింది. 1887లో ఓ వడ్రంగి విసిరిన గొడ్డలి పికరింగ్ నుదుటికి తగిలింది. ఇప్పుడు నార్త్ కెనాల్ రోడ్డు పక్కనే ఆయన పేరుతో వీధి ఉంది. మా బావమరిది రోజూ దాని మీదుగానే ఆఫీసుకెళ్తాడు, ఎవరి పేరో తెలీదు.

అరగంటలో సెయింట్ జాన్స్ దీవి వచ్చింది. దిగగానే పిల్లులు కాళ్లకడ్డం పడ్డాయి. 1873 కలరా తర్వాత, 1874 నవంబరులో ఇక్కడ క్వారంటైన్ మొదలైంది. చైనా రేవు స్వాటో నుంచి దాదాపు 1,300 మంది చైనీయులతో వచ్చిన ఓడను మొదట్లోనే ఇక్కడ ఆపారు.

చెట్ల కింద సిమెంటు బాట మీద నా చెప్పు విప్పి కొలిచాను. పొడవుకి ఆరు చెప్పులు, వెడల్పుకి రెండు. పన్నెండు చదరపు అడుగులు. ఎత్తు కూడా ఆరే. సుద్దముక్క లేదు కాబట్టి ఎండుటాకులతో గీత కట్టి అందులో పడుకున్నాను. వెల్లకిలా పడుకుంటే రెండు మోచేతులూ బయటికొచ్చాయి. పక్కకి తిరిగితే సరిపోయింది. ఎదుటి గీతలో ఇంకొకడు ఉంటాడు కదా, వాడి ఊపిరి నా మెడ మీదే. మూత్రం, వాంతులు, వంటపొగ సంగతి సరేసరి. బావమరిది ఫొటో తీస్తూ నవ్వాడు.

మా నాయనమ్మ చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో ఎవరైనా కనబడకపోతే “రంగం పోయాడు” అనేవాళ్లట. రంగం అంటే రంగూన్. కాకినాడలో ఓడ ఎక్కి డెక్కు మీద వెళ్లినవాళ్లు. వాళ్లకెన్ని అడుగులు ఇచ్చారని ఆవిడనెప్పుడూ అడగలేదు.

తిరుగు ఫెర్రీలో జనం తక్కువ. బావమరిది బెంచీ మీద కాళ్లు బారజాపి నిద్రపోయాడు. నేను కళ్లతో అతన్ని కొలుస్తుంటే మెలకువొచ్చింది.

“ఏంటి బావా, అలా చూస్తున్నారు?”

“ఏం లేదు. కాళ్లు బయటికొచ్చాయి, ముడుచుకో.”