మల్టీ టేబుల్ పోకర్ టోర్నమెంటు: ముక్కల కంటే ముందు లెక్క నేర్చుకున్నాక

పోకర్ టోర్నమెంట్లో ముక్కల కంటే ముందు మన పరిస్థితి చూసుకోవాలి. రమ్మీ ఆడినవాళ్లకి ఇది తొందరగా ఎక్కుతుంది. 101 పూల్‌లో మన స్కోరు 30 దగ్గర ఉన్నప్పుడు చెత్త ముక్కలు పడితే 20 పాయింట్లు వదులుకుని డ్రాప్ అయిపోతాం. అదే స్కోరు 81కి చేరాక డ్రాప్ అనే దారే ఉండదు. 20 కలిస్తే 101, అవుట్. చేతిలో ఏ పదమూడు ముక్కలుంటే వాటితోనే ఆడాలి. ముక్కలు మారలేదు, మన పరిస్థితి మారింది, కాబట్టి నిర్ణయం మారింది. నో లిమిట్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, టేబుల్ మీద అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు ఉండే పోకర్; ఉన్న చిప్పులన్నీ ఎప్పుడైనా పెట్టొచ్చు) టోర్నమెంట్లలో నా ఆట బాగుపడింది సరిగ్గా ఈ సంగతిని ప్రతి చేతికీ (ఒక్కో పంపకానికీ) వర్తింపజేయడం మొదలుపెట్టాకే. ఏ వరుసలో ఏం సరిదిద్దుకున్నానో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. నేను ఆడేది అమెరికాలో లైసెన్సున్న కార్డ్ రూముల్లో, టేబుల్ దగ్గర కూర్చుని. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం ఆన్‌లైన్ మనీ గేమ్‌లను దేశమంతటా ఆపింది. ఇండియాలో ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకునే చదవండి.

మొదట మార్చుకున్నది చిప్పులు లెక్కపెట్టే తీరు. "నా దగ్గర 24,000 ఉన్నాయి" అనడంలో ఏ అర్థమూ లేదు. ప్రతి చేతికీ ముందు ఇద్దరు తప్పనిసరిగా పెట్టే చిప్పులే బ్లైండ్లు: చిన్నది స్మాల్ బ్లైండు, పెద్దది బిగ్ బ్లైండు. బిగ్ బ్లైండు పెట్టేవాడు దానికి అదనంగా కట్టేది యాంటే. బ్లైండ్లు 600/1,200, బిగ్ బ్లైండ్ యాంటే 1,200 అయితే నా దగ్గర ఉన్నవి 20 బిగ్ బ్లైండ్లు. మేం బీబీ అంటాం. టేబుల్ ఒక చుట్టు తిరిగితే స్మాల్ బ్లైండు 600, బిగ్ బ్లైండు 1,200, యాంటే 1,200, మొత్తం 3,000 పోతాయి. అంటే చుట్టుకి రెండున్నర బీబీ. ఆ లెక్కన ఎనిమిది చుట్లు బతకొచ్చు అనిపిస్తుంది, కానీ బతకలేం. తొమ్మిది మంది కూర్చున్న టేబుల్‌లో డీలర్ గంటకి పాతిక నుంచి ముప్పై చేతులు పంచుతారు, అంటే చుట్టుకి ఇరవై నిమిషాలు. లెవెల్ (బ్లైండ్లు పెరగకుండా ఉండే వ్యవధి) కూడా ఇరవై నిమిషాలదైతే చుట్టు చుట్టుకీ బ్లైండ్లు పెరుగుతాయి. ఆ ఎనిమిది చుట్లు నిజానికి అయిదో ఆరో. రెండు గంటల లెవెళ్లు ఉండే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్లో చెల్లే ఓపిక వారాంతపు చిన్న టోర్నమెంట్లో చెల్లకపోవడానికి కారణం ఇదే. కూర్చునే ముందే స్ట్రక్చర్ షీట్ (లెవెళ్ల పట్టిక) అడిగి తీసుకుని, ఏ లెవెల్‌లో బ్లైండ్లు ఒక్కసారిగా ఎగురుతున్నాయో చూసుకుంటాను.

నా స్టాకు (నా దగ్గరున్న చిప్పులు) ఒక్కటే చూసుకుంటే సరిపోదు. నా దగ్గర 40 బీబీ, ఎదుటివాడి దగ్గర 9 ఉంటే ఆ చేతిలో ఆడుతున్నది 9 బీబీ ఆటే. వాడి మీద చిన్న జతతో ఫ్లాప్ (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) చూసి సెట్ (జతకి అదే విలువ మూడో ముక్క) తగలాలని కాల్ చేయడం (వాడు పెట్టినంత పెట్టడం) శుద్ధ దండగ. సెట్ తగిలేది ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి, తగిలినప్పుడు గెలవడానికి వాడి దగ్గర అంత ఉండదు.

తర్వాత 12 బీబీ కంటే తక్కువ ఉన్నప్పటి ఆట. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు రెండు బీబీకి రైజ్ చేసి (పందెం పెంచి), ఎవరైనా ఆల్-ఇన్ (ఉన్నదంతా పెట్టేస్తున్నా) అనగానే ఫోల్డ్ చేయడం (ముక్కలు వదిలేయడం). ఉన్నదాంట్లో ఆరో వంతు ఊరికే పారేసినట్టు. ఈ స్థాయిలో ఆల్-ఇన్ లేదా ఫోల్డ్, అంతే. ఎందుకో లెక్క చూడండి. బటన్ మీద (నా తర్వాత బ్లైండ్లు పెట్టిన ఇద్దరే మిగిలే సీటు) 10 బీబీతో ఉన్నాను, నా ముందు అందరూ ఫోల్డ్ చేశారు. మధ్యలో రెండున్నర బీబీ పడి ఉంది. నేను ఆల్-ఇన్ అన్నాను. బిగ్ బ్లైండు కాల్ చేస్తే కుండలో (మధ్యలో పోగైన చిప్పులు) 21.5 బీబీ అవుతుంది. కాల్ వచ్చినప్పుడు నా ముక్కలకి 35 శాతం గెలుపు అవకాశం ఉందనుకుంటే నాకు తిరిగొచ్చేది సగటున ఏడున్నర, అంటే నష్టం కూడా సుమారు రెండున్నరే. ఫోల్డ్ అయితే వచ్చేదీ రెండున్నరే. కాబట్టి వాళ్లిద్దరూ సగం సార్లు ఫోల్డ్ చేసినా నాకు నష్టం లేదు. అంతకంటే ఎక్కువసార్లు వదిలేస్తే అంతా లాభమే. అందుకే బటన్ మీద 10 బీబీతో ఏ ఆసు ఉన్నా, ఏ జత ఉన్నా నెట్టేయాలి, అంటే ఆల్-ఇన్ అనాలి. అదే మొదటి సీటులో ఉంటే వెనక ఎనిమిది మంది ఉన్నారు, ఒక్కడికైనా మంచి ముక్కలు తగులుతాయి. అక్కడ ఆసు–నాలుగు ఆఫ్‌సూట్ (రెండూ వేర్వేరు గుర్తులవి) ఫోల్డే. సీటుని బట్టి ఏ ముక్కలో చెప్పే చార్టుల్ని 6, 8, 10, 12 బీబీలకి విడివిడిగా రాసుకుని బట్టీ పట్టాను. దీనికి వేరే దారి లేదు, ఎక్కాలు నేర్చుకున్నట్టే.

15 నుంచి 25 బీబీ మధ్య స్టాకుని చాలామంది చిన్న స్టాకు అనుకుని భయపడతారు. నిజానికి ఎదుటివాడి రైజ్ మీద ఆల్-ఇన్ పెట్టడానికి ఇదే సరైన ఎత్తు. కటాఫ్ (బటన్‌కి ముందు సీటు) 2.2 బీబీకి తెరిచాడు (మొదటి రైజ్ చేశాడు), నేను బటన్ మీద 18 బీబీ నెట్టాను. అందరూ వదిలేస్తే నాకు 4.7 బీబీ వస్తుంది, నా స్టాకులో నాలుగో వంతు పైనే. వాడు కాల్ చేయాలంటే ఇంకా 15.8 పెట్టాలి, దానికి 41 శాతం గెలుపు కావాలి. మామూలు ముక్కలతో తెరిచినవాడు వదిలేస్తాడు. అదే నా దగ్గర 8 బీబీయే ఉంటే వాడు పెట్టాల్సింది 5.8, కావలసింది 31 శాతం. ఏ ముక్కలున్నా కాల్ చేసేస్తాడు. అందుకే 18 దగ్గర చేయాల్సిన పని 8 దాకా వాయిదా వేయకూడదు. ఇలా నెట్టడానికి చేతిలో ఆసో రాజో ఉండటం మంచిది. మన దగ్గర ఒక ఆసు ఉంటే ఎదుటివాడికి రెండు ఆసులు వచ్చే కలయికలు ఆరు నుంచి మూడుకి పడిపోతాయి.

బిగ్ బ్లైండు కాపాడుకోవడం గురించి క్లుప్తంగా. 2.2 బీబీ రైజ్‌కి నేను వేయాల్సింది 1.2, కుండలో ఇప్పటికే 4.7 ఉంది. కావలసింది 20 శాతం. తొమ్మిది–ఆరు సూటెడ్‌కి (రెండూ ఒకే గుర్తువి) కూడా మామూలు రైజ్ మీద మూడో వంతు పైనే అవకాశం ఉంటుంది. ముందు మాట్లాడాల్సిన సీటు కాబట్టి ఆ మొత్తం చేతికి రాదు, అయినా ఫోల్డ్ చేయడం తప్పే. యాంటే మనమే కట్టాం, ఆ డబ్బుని ప్రతిసారీ వదిలేస్తే స్టాకు నీరుకారిపోతుంది.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది బబుల్. డబ్బు వచ్చే స్థానాలకి ఒకటి రెండు స్థానాల ముందు ఉండే దశ. ఇక్కడ చిప్పు విలువ, డబ్బు విలువ రెండూ వేరైపోతాయి. దీన్ని కొలిచే లెక్కని ఐసీఎం అంటారు. ఒక చిన్న టోర్నమెంటు తీసుకోండి. నలుగురు మిగిలారు, అందరి స్టాకూ సమానం. ప్రైజులు ముగ్గురికే, మొత్తంలో 50, 30, 20 శాతం. ప్రతి ఒక్కరి వాటా ఇప్పుడు 25 శాతం. ఒకడు ఆల్-ఇన్ అన్నాడు. నేను కాల్ చేసి ఓడితే సున్నా. గెలిస్తే సగం చిప్పులు నావి, కానీ డబ్బులో నా వాటా 50 కాదు, 38.3 శాతమే. మొదటి స్థానం వచ్చే అవకాశం సగం, రెండోది మూడో వంతు, మూడోది ఆరో వంతు, వాటిని ప్రైజులతో గుణించి కలిపితే అంతే వస్తుంది. 25ని 38.3తో భాగించండి. కాల్ చేయడానికి 65 శాతం గెలుపు కావాలి. బ్లైండ్లు పక్కన పెట్టి చూస్తే, వాడు ముక్కలు చూడకుండా నెట్టినా సరే ఆసు–రాణి ఆఫ్‌సూట్‌కి ఉండేది 64 శాతం. అంటే ఫోల్డ్!

ఇది మొదట నమ్మబుద్ధి కాదు. కానీ ఇది నిజమైతే దానికి రెండో వైపు కూడా ఉంది. కాల్ చేయడం ఇంత కష్టమైతే నెట్టడం అంత తేలిక. కాబట్టి బబుల్‌లో మొదట ఆల్-ఇన్ అనేవాడు మనమే కావాలి, కాల్ చేసేవాడు కాకూడదు. పెద్ద స్టాకు ఉన్నప్పుడు ఎవరిని ఒత్తాలి? చాలామంది చిన్న స్టాకుల మీద పడతారు. మూడు బీబీ ఉన్నవాడు ఎలాగూ కాల్ చేస్తాడు, పోగొట్టుకోవడానికి వాడి దగ్గర ఏమీ లేదు. ఒత్తాల్సింది మధ్య స్టాకుల్ని. వాళ్లకంటే చిన్నవాళ్లు ఇంకా ఉండగా తాము ముందు పోతే అంతకంటే బాధ లేదు, అందుకే మంచి ముక్కలు కూడా వదిలేస్తారు. మనదే మధ్య స్టాకైతే పెద్ద స్టాకుతో తలపడకుండా చిన్నవాళ్ల బ్లైండ్లే చూసుకోవాలి. సాటిలైట్లలో (డబ్బుకి బదులు పెద్ద టోర్నమెంటులో సీట్లు ఇచ్చేవి) ఇది పరాకాష్ఠకి చేరుతుంది. పది సీట్లకి పదకొండు మంది మిగిలి, ఒకడి దగ్గర అర బీబీ ఉంటే, సౌకర్యంగా ఉన్న స్టాకుతో రెండు ఆసులు కూడా ఫోల్డ్ చేయడమే సరైన ఆట.

ఫ్లాప్ తర్వాతి ఆటలో నేను మార్చింది ఒక్కటే, బెట్ సైజు. కుండలో మూడో వంతు పెడితే ఎదుటివాడు నాలుగింట ఒకసారి ఫోల్డ్ అయినా చాలు, సగం పెడితే మూడింట ఒకసారి కావాలి. ఆసు–ఏడు–రెండు లాంటి ఎండిన బోర్డు (వరసలూ, ఒకే గుర్తూ కుదరని ఉమ్మడి ముక్కలు) మీద మూడో వంతుతో అయ్యే పనికి అంతకంటే ఎక్కువ పెట్టడం దేనికి?

లైవ్ టేబుల్‌లో నియమాలు తెలియక పోయే చిప్పులు కూడా తక్కువేమీ కాదు. ఏమీ అనకుండా ఒకే పెద్ద చిప్పు ముందుకి వేస్తే అది కాల్ కిందే లెక్క, రైజ్ కాదు. రైజ్ చేయాలంటే చిప్పు టేబుల్‌ని తాకకముందే "రైజ్" అనాలి. కొంత పెట్టి, మళ్లీ వెనక్కి చెయ్యి పెట్టి ఇంకొంత వేస్తే రెండోది చెల్లదు. మొత్తం అంకె నోటితో చెప్పి ఆ తర్వాతే చిప్పులు కదపడం అలవాటు చేసుకున్నాను.

ఇంటికొచ్చాక చేసే పని. ప్రతి ముఖ్యమైన చేతికీ ఫోనులో నాలుగు విషయాలు రాస్తాను: సీట్లు, బీబీలో స్టాకులు, ఎవరు ఎంత పెట్టారు, ఇంకా ఎంతమంది మిగిలారు. చెయ్యి అయిపోయాకే రాస్తాను, టేబుల్‌లో ఆట నడుస్తుండగా చార్టులు చూడటం నిషిద్ధం. ప్రీఫ్లాప్ (ఫ్లాప్‌కి ముందు) ఆల్-ఇన్లని ఐసీఎంఐజర్ అనే సాఫ్ట్‌వేర్‌లోనో హోల్డెమ్ రిసోర్సెస్ కాలిక్యులేటర్‌లోనో వేసి చూస్తాను. ఫ్లాప్ తర్వాతి చేతులకి జీటీఓ విజార్డ్. ఇక్కడ జాగ్రత్త ఒకటుంది. ఓడి బయటికొచ్చిన చెయ్యి ఒక్కటే చూసుకుంటే ఏమీ నేర్చుకోలేం. రెండు రాణులతో ఆసు–రాజు మీద పడి ఓడటం తప్పు కాదు, నూటికి నలభై అయిదు సార్లు దగ్గర దగ్గరగా జరిగేదే. తప్పులు దాక్కునేది మనం ఫోల్డ్ చేసిన చేతుల్లో. బటన్ మీద తెరవకుండా వదిలేసిన రాజు–తొమ్మిది, 18 బీబీతో నెట్టకుండా చూస్తూ కూర్చున్న ఆసు–అయిదు సూటెడ్ లాంటివి. అందుకే వారానికి పది చేతులు తీసి, అందులో సగం ఫోల్డ్ చేసినవే ఉండేలా చూసుకుంటాను. సాఫ్ట్‌వేర్‌కి ఎదుటివాడు ఏ ముక్కలతో కాల్ చేస్తాడో మనమే చెప్పాలి. ఆ ఊహ తప్పితే జవాబూ తప్పుతుంది. అందుకని వాడు కొన్ని మంచి ముక్కలతోనే కాల్ చేస్తాడనుకుని ఒకసారి, చాలా ముక్కలతో చేస్తాడనుకుని ఒకసారి, రెండు రకాలుగా వేసి చూస్తాను. రెండింటిలోనూ లాభం వస్తేనే దాన్ని చార్టులోకి ఎక్కిస్తాను.

డబ్బు సంగతి. వచ్చినవాళ్లలో సుమారు పది, పదిహేను శాతం మందికే ప్రైజు ఉంటుంది కాబట్టి బాగా ఆడేవాళ్లు కూడా అయిదింట నాలుగుసార్లు ఖాళీ చేతులతోనే వెళ్తారు. ఎంట్రీ ఫీజుకి కనీసం వంద రెట్లు, ఇంటి ఖర్చులతో సంబంధం లేని డబ్బు, పక్కన లేకుండా ఆ స్థాయిలో ఆడకూడదు. హౌస్ (ఆట నడిపే కార్డ్ రూము) తీసుకునేది కూడా చూడాలి. 150 డాలర్ల ఎంట్రీలో 30 హౌస్‌కి పోతే అయిదో వంతు ఆట మొదలవకముందే పోయినట్టు. అలాంటి టోర్నమెంట్లని నేను వదిలేస్తాను.

ఫైనల్ టేబుల్‌లో డబ్బు పంచుకుందామనే మాట వచ్చినప్పుడు కూడా ఈ లెక్కే. ముగ్గురు మిగిలారు, స్టాకులు 5 లక్షలు, 3 లక్షలు, 2 లక్షలు. ప్రైజులు 5,000, 3,000, 2,000 డాలర్లు. చిప్ చాప్ అంటే ముందు అందరికీ తలా 2,000 ఇచ్చి మిగిలిన 4,000ని చిప్పుల వాటాతో పంచుతారు: 4,000, 3,200, 2,800. ఐసీఎం ప్రకారం పంచితే 3,839, 3,275, 2,886. మొదటివాడికి చిప్ చాప్ లాభం, మిగతా ఇద్దరికీ ఐసీఎం లాభం. ఎవరు ఏది అడుగుతున్నారో విని, టోర్నమెంట్ డైరెక్టర్‌ని పిలిచి రెండు అంకెలూ కాగితం మీద రాయించుకుని, అప్పుడే ఒప్పుకోవాలి. నచ్చకపోతే వద్దనొచ్చు, ఒక్కరు కాదన్నా ఆట కొనసాగుతుంది.