హ్యాండ్లర్‌ని ఏ ఈవెంట్ లూప్‌లో పెట్టాలో తేలడానికి మూడు వారాలు - నా అనుభవం

మాది శ్రీకాకుళం, ఇంటి నుంచే పని. ఆఫీసు పని కోసం క్యూఎమూలో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఒక చిన్న ఉత్తుత్తి పీసీఐ డివైస్ రాసాను. గెస్ట్, అంటే లోపల నడిచే ఓఎస్, కిక్ ఇస్తే (పనుందని కబురు పెడితే) ఈవెంట్‌ఎఫ్‌డీ అనే లినక్స్ సిగ్నల్ లేవాలి, డేటా తీసుకుని డిస్క్ మీద లాగ్ రాయాలి, గెస్ట్‌కి ఇంటరప్ట్ వెయ్యాలి. అంతే. డివైస్ రెండ్రోజుల్లో అయిపోయింది, దాని హ్యాండ్లర్‌ని, అంటే కిక్ రాగానే నడిచే ఫంక్షన్‌ని, ఏ కాంటెక్స్ట్‌లో (ఏ ఈవెంట్ లూప్ కింద) పెట్టాలన్నదే తెగలేదు.

ముందు అందరూ వాడే క్యూఎమూ సెట్ ఎఫ్‌డీ హ్యాండ్లర్ అనే ఫంక్షన్‌తో పెట్టీసాను. అలా పెడితే హ్యాండ్లర్ క్యూఎమూ ప్రధాన త్రెడ్ తిప్పే మెయిన్ లూప్‌లో, బీక్యూఎల్ అనే పెద్ద లాక్ పట్టుకుని నడుస్తుంది. పనిచేసింది గానీ డిస్క్ కొంచెం స్లో అయితే చాలు వీఎన్‌సీలో (గెస్ట్ స్క్రీన్ దూరం నుంచి చూపించేది) మౌస్ ఆగిపోయేది, ఎందుకంటే వీఎన్‌సీ అదే త్రెడ్ మీద ఉంది, వీసీపీయూ (గెస్ట్ కోడ్ నడిపే త్రెడ్) కూడా డివైస్ రిజిస్టర్ ముట్టుకోవాలంటే అదే లాక్ కోసం ఆగాలి, రథసప్తమి నాడు అరసవల్లిలో అందరికీ ఒకటే క్యూ పెడితే ఎలగుంటాదో అలగ.

పేరులో ఏఐఓ (అసింక్ ఐఓ) ఉంది కదా స్పీడొస్తుందనుకుని మెయిన్ ఏఐఓ కాంటెక్స్ట్‌కి మార్చాను. రెండ్రోజులకి లాగ్‌లో రికార్డులు తలకిందులుగా పడ్డాయి. జీడీబీ డీబగ్గర్‌లో బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితా) తీసి కింద నుంచి చదువుకుంటూ వస్తే నా హ్యాండ్లర్, దాని మీద డిస్క్ రాసే బీఎల్‌కే పీరైట్, దాని మీద ఈవెంట్ల కోసం లూప్ తిప్పే ఏఐఓ పోల్, దాని మీద మళ్ళీ నా హ్యాండ్లరే! నేను రాత పూర్తయ్యేదాకా ఆగుతున్నాననుకుంటే ఆ ఆగడమే లోపల ఇంకో లూప్ తిప్పుతోంది, ఆ సందులో గెస్ట్ ఇంకో కిక్ ఇచ్చింది. మొదటి పద్ధతిలో ఇది ఎందుకు రాలేదంటే, అక్కడ హ్యాండ్లర్ ఐఓహ్యాండ్లర్ అనే వేరే కాంటెక్స్ట్‌లో ఉంటుంది, లోపలి పోల్ దాని జోలికి వెళ్ళదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే బాగుణ్ణు.

చివరికి ఐఓత్రెడ్, అంటే సొంత ఈవెంట్ లూప్‌తో మెయిన్ లూప్‌కి బయట నడిచే వేరే త్రెడ్. పాత ట్యుటోరియల్ చూసి కాంటెక్స్ట్‌కి లాక్ వేసే ఏఐఓ కాంటెక్స్ట్ అక్వైర్ రాస్తే కంపైలే అవ్వలేదు, 2024లో వచ్చిన క్యూఎమూ 9.0లో ఆ లాక్ తీసీసారు. సరే అది తీసి, డిస్క్‌ని కూడా ఐఓత్రెడ్ కాంటెక్స్ట్‌కే మార్చి, రాత మొత్తం అసింక్ చేసి (ఆగకుండా పంపేసి), అయ్యాక పిలవడానికి కాల్‌బ్యాక్ పెట్టాను. మౌస్ హాయిగా కదిలింది, కానీ అప్పుడప్పుడు గెస్ట్‌కి ఇంటరప్ట్ అందట్లేదు. హైదరాబాద్‌లో ఇదే లైన్‌లో ఉన్న మా బావకి ఫోన్ చేస్తే ఒకటే అడిగాడు, "స్పీడు సంగతి తర్వాత చూద్దువు గానీ, ఇంటరప్ట్ వచ్చిందని చూపే ఆ స్టేటస్ రిజిస్టర్‌ని ఇంకెవరు రాస్తన్నారో చూసావా బావా?"

చూస్తే అదే. వీసీపీయూ బీక్యూఎల్ పట్టుకుని ఆ రిజిస్టర్‌లో బిట్ చెరుపుతోంది, నా ఐఓత్రెడ్ ఏ లాకూ లేకుండా అందులోనే బిట్ పెడుతోంది, ఇద్దరూ ఒకేసారి రాస్తే నా బిట్ పోతోంది. అప్పుడు పని విడగొట్టాను, డిస్క్ రాత ఐఓత్రెడ్‌లోనే ఉంచి, రాత అయ్యాక వన్‌షాట్ బాటమ్ హాఫ్ (ఒక్కసారి నడిపించమని ఇంకో లూప్‌కి అప్పజెప్పే పని) ఒకటి మెయిన్ కాంటెక్స్ట్‌కి పంపి స్టేటస్ బిట్, ఇంటరప్ట్ రెండూ అక్కడ బీక్యూఎల్ కిందే చేయించాను. వర్టియో డివైసులైతే (వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన ప్రామాణిక డివైసులు) దీనికి ఐఆర్‌క్యూఎఫ్‌డీ (కెర్నల్ చేతే ఇంటరప్ట్ వేయించే ఈవెంట్‌ఎఫ్‌డీ) వాడి మెయిన్ లూప్ దాకా రాకుండానే వేసేస్తాయి, నాది పాత రకం ఇంటరప్ట్ లైన్ కాబట్టి ఇలాగే వదిలేసాను.

ఇప్పుడు రాత్రంతా లోడ్ పెట్టి వదిలేసినా ఇంటరప్ట్ ఒక్కటీ పోలేదు, లాగ్ కూడా వరసలోనే ఉంది.