అద్దం ఇవతలి ఎండ
రక్తపరీక్షలో నా విటమిన్ డి 11 అని వచ్చింది. 20 నానోగ్రాములకు తగ్గితే లోపం కిందే లెక్క అన్నారు డాక్టరుగారు. నమ్మబుద్ధి కాలేదు. హైదరాబాదులో ఉంటూ ఎండకు కరువేమిటి? పైగా ఆఫీసులో నా కుర్చీ కిటికీ పక్కనే. మధ్యాహ్నం రెండింటికి కీబోర్డు మీద ఎండ పడి ముంజేతులు చుర్రుమంటాయి కూడా.

"ఆ ఎండ లెక్కలోకి రాదండీ" అన్నారాయన. చర్మంలో ఈ విటమిన్ తయారు కావాలంటే అతినీలలోహిత బి కిరణాలు తగలాలి. కిటికీ అద్దం వేడినీ వెలుగునూ రానిస్తుంది, వాటిని మాత్రం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అంటే మూడేళ్లుగా నాకు దక్కింది ఉక్కపోత ఒక్కటే!

నేను గొప్పగా చెప్పుకునే ఉదయం ఆరింటి నడకా అంతేనట. సూర్యుడు వాలుగా ఉంటే ఆ కిరణాలు చాలావరకు ఓజోన్ పొరలోనే ఆగిపోతాయి. మన నీడ మనకంటే పొట్టిగా ఉన్న వేళే అసలు సమయం. చామనఛాయ వాళ్లకు మరికాస్త ఎక్కువసేపు కావాలి. ఒళ్లు కమిలేదాకా నిలబడమని కాదు. వారానికోసారి 60,000 యూనిట్ల మందు ఎలాగూ రాశారు.

ఈ ఆదివారం పదకొండింటికి మేడ ఎక్కాను. అమ్మ పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెడుతోంది. కొలిచి చూసుకున్నాను, నా నీడ నాలుగడుగులు కూడా లేదు. సంగతంతా చెబితే, "ఎలాగూ కూర్చుంటావుగా, కాకులు రాకుండా చూడు" అని కర్ర చేతికిచ్చి కిందికి వెళ్లిపోయింది.