మార్గశిరంలో రెండు కథలు, ఒక చీపురు

మార్గశిరం వచ్చిందంటే ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో గురువారాలకి లెక్కా పత్రం ఉండదు. ఒడియావాళ్లకి నెల పున్నమితో అయిపోతుంది, మనకి అమావాస్యతో. అందుకని కార్తీక పున్నమి దాటగానే వాళ్లు మార్గశిరంలోకి వెళ్లిపోతారు, మనం ఇంకా కార్తీక దీపాలు పెట్టుకుంటూనే ఉంటాం. గురువారం గురువారం లక్ష్మికి చేసే వాళ్ల మాణబసా పూజలు సగానికి వచ్చాక మన లక్ష్మివారాలు, అంటే మన గురువారం నోములు, మొదలవుతాయి, మనకి ఐదు వారాలు కావాలి కాబట్టి అవి పుష్యంలోకి కూడా జరుగుతాయి. గీత పదో అధ్యాయంలో కృష్ణుడు "మాసానాం మార్గశీర్షోఽహం" అన్నాడు గానీ ఏ పంచాంగం ప్రకారమో చెప్పలేదు, కనక మా వీధికి రెండూ చెల్లుతాయి. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమై ఈ ఊరు ఒడిశా వైపు, పక్కనే ఉన్న పాతపట్నం తెలుగు వైపు అయిపోయినా పండగలు మాత్రం ఎవరూ పంచుకోలేదు.

పక్కింటి మౌసీ బుధవారం సాయంత్రమే బియ్యం నానబోసి మెత్తగా రుబ్బుతుంది. పొడిముగ్గు కాదు, ఆ పల్చటి పిండిలో వేళ్లు ముంచి అరుగు మీదా గోడ మీదా నేరుగా వేసేస్తుంది: వరి వెన్నులు, తామరపువ్వు, గుమ్మం దగ్గర్నుంచి లోపలి దాకా చిన్న చిన్న పాదాలు. తడిగా ఉన్నంతసేపు పెద్దగా ఏమీ కనపడదు, ఆరేకొద్దీ తెల్లగా తేలుతుంది. తెల్లారి మాణం (ధాన్యం కొలిచే పాత్ర) నిండా కొత్త ధాన్యం పోసి, దాన్నే లక్ష్మి అనుకుని పూజ చేసి లక్ష్మీపురాణం చదువుతుంది. మా ఇంట్లో మొదటి వారం పులగం, తర్వాత అట్లూ తిమ్మనం, అలా అలా ఐదో వారానికి పూర్ణం బూరెలు. కథ మా అత్తగారు చెప్తారు. గోడకి అటూ ఇటూ ఒకే పొద్దున రెండు కథలు నడుస్తాయి, నాకు రెండూ వినిపిస్తాయి.

మన కథ మీకు తెలిసిందే. సవతి తల్లి దగ్గర పెరిగిన పిల్ల మట్టితో లక్ష్మి బొమ్మ చేసుకుని, తినమని ఇచ్చిన బెల్లమే నైవేద్యం పెట్టి పూజ చేసుకుంటుంది. పెళ్లయి ఆ బొమ్మతో అత్తారింటికి వెళ్లాక పుట్టింట్లో సిరి పోతుంది. తర్వాత ఆ తల్లి నోము పట్టబోతే ఒక వారం పిల్లలకి పెడుతూ తనూ చద్దన్నం నోట్లో వేసుకుంటుంది, ఇంకో వారం తలకి నూనె రాసేసుకుంటుంది. చివరికి కూతురు పక్కనే ఉండి అన్నీ సరిగ్గా చేయించినా లక్ష్మి ఆ తల్లి వైపు రాదు. ఎందుకమ్మా అని అడిగితే, నీ చిన్నప్పుడు నువ్వు బొమ్మ పెట్టుకుని పూజ చేసుకుంటుంటే నిన్ను చీపురుతో కొట్టింది, అందుకు అంటుంది.

ఇంత చెప్పి, మనందరం గుర్తుపెట్టుకునేది ఏమిటంటే గురువారం తలకి నూనె రాసుకోకూడదని! లక్ష్మి తన నోటితో చెప్పిన కారణం నూనె కాదు, చద్దన్నం కాదు, తల్లి లేని పిల్ల మీద పడిన దెబ్బ.

ఇక మౌసీ చదివే లక్ష్మీపురాణం ఒడియా కవి బలరామదాసు రాసినది. అందులో లక్ష్మి గురువారం పొద్దున్నే ఊరంతా తిరుగుతూ ఊరి చివర, వీధులూడ్చి బతికే శ్రియా అనే చండాల స్త్రీ ఇంటి దగ్గర ఆగుతుంది, ఎందుకంటే వాకిలి శుభ్రంగా అలికి, తామర ముగ్గు వేసి కూర్చున్నది ఆవిడే. అది చూసి బలభద్రుడు తమ్ముడు జగన్నాథుడితో, అంటే లక్ష్మి భర్తతో, పట్టుబట్టి లక్ష్మిని గుడిలోంచి పంపించేయిస్తాడు. ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ పన్నెండేళ్లు గింజ దొరక్క అడుక్కు తిరుగుతారు, సాక్షాత్తూ జగన్నాథుడు! ఎవరిదో తెలియకుండా ఆఖరికి లక్ష్మి ఉంటున్న ఇంటికే వచ్చి, ఆవిడ వంట తిని బతుకుతారు. కులం చూడకుండా అందరూ కలిసి ప్రసాదం తినాలి, అలా అయితేనే వస్తాను అని లక్ష్మి షరతు పెట్టి మరీ తిరిగి వెళ్తుంది. పూరీ జగన్నాథుడి గుడిలోని ఆనందబజారులో మహాప్రసాదం ఇప్పటికీ అలాగే తింటారు.

నాకు ఇవి రెండు కథలనిపించడం మానేసి చాలాకాలమైంది. ఒకదాంట్లో చీపురుతో కొట్టిన చోటికి లక్ష్మి రానంది, ఇంకోదాంట్లో చీపురు పట్టుకుని బతికే మనిషి ఇంటికి పిలవకుండానే వెళ్లింది. నియమాలు వద్దని కాదు, నేనూ ఉపవాసం ఉంటాను, బూరెలు చెదిరిపోతే నాకూ టెన్షనే. కానీ ఏ నియమం ఎవరి నెత్తిన పడుతోందో చూసుకోవాలి కదా.

ఎందుకంటున్నానంటే, మా వీధి ఊడ్చే ఆవిడ నెల డబ్బులకి వస్తే, అది గురువారమైతే "ఇవాళ లక్ష్మివారం, డబ్బు బయటికి ఇవ్వం, రేపు రా" అంటారు. రేపు శుక్రవారం, అప్పుడూ ఇవ్వరు. అంటే వాకిలి ఊడ్చి లక్ష్మి రావడానికి దారి చేసిన మనిషి తన కూలికోసం శనివారం దాకా తిరగాలి, అదీ లోపల శ్రియా కథ చదువుతుండగా.

ఒక మార్గశిరంలో మౌసీ చదువుతున్న చోటు సరిగ్గా శ్రియా దగ్గరికి వచ్చింది, అప్పుడే వీధి ఊడ్చే ఆవిడ వచ్చి మా గుమ్మం బయట నిలబడింది. మా అత్తగారికి ఒడియా బాగా వచ్చు. కాసేపు విని, లేచి, పెట్టె తీసి డబ్బులిచ్చి పంపారు. ఎదురింటి పిన్నిగారు ఆగలేక "అదేమిటి వదినా, లక్ష్మివారం పూట ఇస్తే లక్ష్మి వెళ్లిపోదూ?" అన్నారు.

"వెళ్తే దాని ఇంటికేగా వెళ్తుంది, వెళ్లనీ. ఆ కథలోనూ అక్కడికే వెళ్లింది" అన్నారు మా అత్తగారు.

పిన్నిగారు ఒప్పుకోలేదు, ఇప్పటికీ శనివారమే ఇస్తారు. మా ఇంట్లో మాత్రం గురువారమొస్తే పూజ కాకముందే ఆవిడ డబ్బులు విడిగా తీసి పెట్టడం నా పని.