ఆగి చెప్పు

రాత్రి మా పిల్లాడు పెరుగు గిన్నె వైపు వేలు చూపించి ఊరుకున్నాడు. పొద్దున్న "పె పె పెరుగు నేనే వేసుకుంటా" అని గొడవ చేసి సగం చాప మీద పోసినవాడు. అది చూసినప్పటి నుంచీ మనసు మనసులో లేదు.

సాయంత్రం మా ఇంట్లో శ్రావణ శుక్రవారం పేరంటం. సెనగల పళ్ళెం తనే ఇస్తానని పేచీ పెడితే సరేనన్నాను. బొటనవేళ్ళు రెండూ నానిన సెనగల్లోకి దిగిపోయాయి, కళ్ళు పళ్ళెం మీదే. ఒక్క గింజ జారకుండా దొడ్డమ్మగారి దాకా నడిచి "మ మ మ మామ్మా, తీసుకో" అన్నాడు.

"అయ్యో, వీడికి నత్తి పట్టుకుందేంటే!" అంది ఆవిడ అందరి ముందూ. అక్కడితో ఆగలేదు. వస పోయలేదా అంది, నాలిక కింద తీగ కోయించమంది. పైగా వాడితో "ఏదీ, ఆగి చెప్పు. సరిగ్గా చెప్తేనే తీసుకుంటా" అని పట్టుబట్టింది. రెండోసారి ఇంకా తడబడ్డాడు. ఎవరో నవ్వారు. మూడోసారి అడిగేసరికి పళ్ళెం నా చేతుల్లో పెట్టేసి అత్తయ్య కొంగు చాటుకి పోయాడు. ఆ నవ్విందెవరో గానీ, పసుపు రాయించుకోడానికి కాళ్ళు చాపుకుని కూర్చుని మరీ నవ్వింది.

అసలు వీడికి మాటలు తక్కువై కాదు, ఎక్కువై వచ్చిన తడబాటిది. సంక్రాంతికి "అమ్మ బువ్వ" దగ్గరున్నవాడు, ఇప్పుడు "నాన్న వచ్చాక లాకుల దగ్గరికెళ్ళి పడవ చూద్దాం" అంటున్నాడు. చెప్పాల్సింది అంత ఉంటే నోరు అందుకోవద్దూ! రెండేళ్ళకీ ఐదేళ్ళకీ మధ్య చాలామంది పిల్లలకి ఇలా మొదటి అక్షరం తిరగబడుతుంది, ఎక్కువమందికి దానంతట అదే పోతుంది. నాలిక తీగకీ దీనికీ సంబంధం లేదు. ఆగి చెప్పు, మెల్లగా చెప్పు అనకుండా, మనమే నెమ్మదిగా మాట్లాడుతూ వాడి మాట పూర్తయ్యేదాకా వినాలి. రేపు పొద్దున్నే వెళ్ళి ఇదంతా దొడ్డమ్మగారికి చెప్పి రావాలని, ఏ మాట తర్వాత ఏ మాటో కూడా అనుకున్నాను.

అంతలో చిన్న మావయ్య గుర్తొచ్చాడు.

వేసవి సెలవులకి నన్ను రావులపాలెంలో బస్సెక్కించుకుని కొత్తపేట తీసుకెళ్ళేవాడు. కండక్టరు దగ్గరికొస్తుంటే చెవులు ఎర్రబడేవి. 'క' దగ్గర దవడ బిగుసుకుపోయేది. ఒకసారి వెనక జనం తొందరపెడుతుంటే, గబుక్కున "అంబాజీపేట, ఒకటిన్నర" అనేశాడు. అంత దూరానికీ డబ్బులిచ్చి, ముందే వచ్చే కొత్తపేటలో దిగిపోయాం. "ఇంకా టిక్కెట్టుంది కదా మావయ్యా" అన్నాను. ఆ టిక్కెట్లు చిన్నగా మడిచి జేబులో పెట్టుకుని, నాకు సోడా ఇప్పించాడు. ఇప్పుడు ఆయనకి మనవలు. ఇప్పటికీ ఫోన్ ఎత్తడు, అత్తకి ఇచ్చేస్తాడు. చిన్నప్పుడు అందరూ 'పెద్దయితే అదే పోతుంది' అన్నారట.

మగపిల్లాడై, రక్తసంబంధంలో ఎవరికైనా నత్తి పోకుండా ఉండిపోయి ఉంటే, వాడికీ అది ఉండిపోయే అవకాశం ఎక్కువ. వీడి విషయంలో ఆ రెండూ ఉన్నాయి. కాబట్టి ఎక్కువమందికి పోతుందన్న మాట పట్టుకుని నేను కూర్చోలేను. దొడ్డమ్మగారు చెప్పిన వైద్యం తప్పు, పిల్లాణ్ణి అడిగిన తీరు ఇంకా తప్పు. ఎవరికైనా చూపించాలన్నది మాత్రం నిజమే. ఇంత చిన్న వయసులో స్పీచ్ థెరపిస్టు నేర్పేది ముందు తల్లిదండ్రులకే, వాడితో ఎలా మాట్లాడాలో, ఎలా ఆడించాలో. సోమవారం ఈయన్ని సెలవు పెట్టమన్నాను. రాజమండ్రి వెళ్తాం.

వచ్చే శుక్రవారం దొడ్డమ్మగారింట్లో పేరంటం. నేనొక్కదాన్నే వెళ్తాను.