బియ్యంలో ముక్కు పురుగులకు గొట్టపు బోను: ఏడు వారాల పని పట్టీ

1వ రోజు: గొట్టం
నమూనా కొత్తదేమీ కాదు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన ప్రోబ్ ట్రాప్ పద్ధతే: చిల్లుల గొట్టం, కింద గరాటు, దాని అడుగున పురుగులు పడే కుప్పె (చిన్న సీసా). ధాన్యంలో తిరిగే పురుగు గాలి ఆడే చోటు వెతుక్కుంటూ చిల్లులోకి దూరి, కిందికి జారిపోతుంది. మేత, మందు ఏవీ అక్కర్లేదు.

యాక్రిలిక్ గొట్టం 30 సెం.మీ. పొడవు, వెలుపలి కొలత 25 మి.మీ., లోపల 20. పైనుంచి 20 సెం.మీ. మేర, సెంటీమీటరుకొకటి చొప్పున 2 మి.మీ. చిల్లులు. ముక్కు పురుగు పొడవు 3 మి.మీ. దాకా ఉన్నా ఒళ్లు సన్నం, ఇబ్బంది లేకుండా దూరుతుంది.

డ్రిల్లు వేగం పెంచితే యాక్రిలిక్ కరిగి బిట్‌కు చుట్టుకుంటుంది, గట్టిగా నొక్కితే బీటలు వారుతుంది. లోపల చెక్క కడ్డీ పెట్టి, నెమ్మదిగా, ఆపి ఆపి తొలవాలి.

4వ రోజు: నూకల గోల
లావు రకం దంపుడు బియ్యంలో గుచ్చి చూస్తే మర్నాటికి కుప్పెలో సగం నూకలే. తప్పు చిల్లుల వాలుది. నేరుగా తొలిస్తే నూక దొర్లి లోపల పడుతుంది. లోపలి అంచు పైకి, బయటి అంచు కిందికి ఉండేలా ఏటవాలుగా తొలిస్తే నూక ఎక్కలేదు, పురుగు ఎక్కుతుంది. ముందు నిటారుగా చిన్న గుంట వేసి, ఆ తర్వాత బిట్‌ను వంచాలి, లేకపోతే జారిపోతుంది. చిల్లు అంచున లేచిన గరుకును ఉప్పుకాగితంతో తీసేయాలి. సన్న బియ్యానికి 2 మి.మీ. కూడా ఎక్కువే, గింజే దూరుతుంది.

9వ రోజు: పడినవి పారిపోతున్నాయి
పిండి పురుగు నున్నటి గాజు ఎక్కలేదు. ముక్కు పురుగు ఎక్కుతుంది. గరాటు మూతిని 8 మి.మీ.కి తగ్గించినా గోడ పట్టుకుని పైకి వచ్చేస్తోంది. టాల్కం పౌడరును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పలచగా కలిపి, కుప్పె లోపలి పై భాగానికి దూదితో పూసి ఆరబెట్టాం. పొడి పొర మీద కాళ్లకు పట్టు దొరకదు. తేమ తగిలితే పొర పోతుంది, మళ్లీ పూయాలి.

కుప్పెను తెల్ల కాగితం మీద బోర్లించగానే లెక్కపెట్టకూడదు. తాకితే చాలు, ముక్కు పురుగు కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడుకుంటుంది. కాసేపు ఆగితే ముందు మోచేయిలా వంగిన మీసం కదులుతుంది, తర్వాత కాళ్లు. భూతద్దంలో రెక్కల పెంకుల మీద నాలుగు ఎర్రటి మచ్చలు కనిపిస్తే అది ముక్కు పురుగే.

16వ రోజు
జల్లెడ పట్టి ఎదిగిన పురుగులన్నీ తీసేశాం. బియ్యాన్ని మూతికి గుడ్డ కట్టిన డబ్బాలో పోసి, బోను నిటారుగా గుచ్చి, పై చిల్లుల వరస గింజ మట్టం కిందే ఉండేలా చూశాం. సుత్తితో కొట్టకుండా తిప్పుతూ దించాలి. ఆ వారమంతా కుప్పె ఖాళీ.

47వ రోజు
మళ్లీ నిండుతోంది. బయటి నుంచి వచ్చినవి కావు. ఆడది గింజకు చిల్లు పెట్టి, గుడ్డు పెట్టి, జిగురుతో మూసేస్తుంది. పిల్ల పురుగు, ప్యూపా (కదలకుండా రూపం మార్చుకునే) దశలు రెండూ లోపలే గడుస్తాయి. 30 డిగ్రీల దగ్గర ఎదిగిన పురుగు బయటికి రావడానికి దాదాపు నెల. బోను పట్టేది తిరిగే పురుగునే, గింజలో దాగినదాన్ని కాదు. అందుకే ఖాళీ కుప్పెను ఒక్క వారానికే నమ్మొద్దు, అయిదారు వారాలు చూడాలి. చలికాలంలో అయితే అసలు నమ్మొద్దు: చలికి పురుగు కదలదు.

తరువాతి పని
గింజలో దాగిన గుడ్లను గుర్తించేందుకు జిగురు మూతలకు రంగు పట్టించడం. యాసిడ్ ఫుక్సిన్ (ఎర్ర రంగు పొడి) 0.5 గ్రాములు, గ్లేషియల్ (నీళ్లు కలపని) అసెటిక్ ఆమ్లం 50 మి.లీ., నీళ్లు 950 మి.లీ. ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి; చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. గింజల్ని గోరువెచ్చని నీళ్లలో అయిదు నిమిషాలు, రంగులో అయిదు నిమిషాలు ఉంచి కడిగితే గుడ్డు మూత ముదురు ఎరుపు చుక్కలా తేలుతుంది. కొరికిన గాట్లకూ రంగు పడుతుంది గానీ పాలిపోయి ఉంటుంది. ముంచిన గింజలు తిండికి పనికిరావు, పారేయాలి.