నాలుగో వాటా

మా నాన్నగారు వీలునామా రాయలేదు. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీకి దగ్గరి సందులో, తన జీతం డబ్బుతో కట్టించుకున్న రెండంతస్తుల ఇల్లు ఆయన తర్వాత అమ్మకు, నాకు, తమ్ముడికి సమానంగా వస్తుందని, అందులో మాట్లాడుకోవలసింది ఏమీ ఉండదని అనుకున్నాం. పదకొండో రోజున మేనత్త "పెద్దపిల్లకు కబురు పెట్టారా వదినా?" అని అమ్మను అడిగేంతవరకు, నాన్నగారికి నాకంటే ముందు ఒక కూతురు ఉందన్న సంగతే మాకు తెలియదు.

అమ్మను చేసుకోవడానికి ముందు ఆయనకు ఒక పెళ్లి జరిగింది. ఆవిడ పురిట్లోనే పోతే, బిడ్డను సూర్యాపేటలోని అమ్మమ్మగారి వాళ్లు తీసుకువెళ్లారు. సవతి తల్లి చేతికి పిల్లను ఇవ్వబోమని, రాకపోకలు కూడా వద్దని నాన్నగారి చేత మాట తీసుకున్నారు. అమ్మకు ఇదంతా పెళ్లిచూపుల నాటికే తెలుసు. దాచడంలో మోసం కంటే మొహమాటమే ఎక్కువని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, అప్పట్లో నేను అమ్మతో ముక్తసరిగానే మాట్లాడేదాన్ని. పోయినవారి మీద కోపగించుకోవడానికి వీలుండదు కనుక, ఆ కోపం ఇంట్లో ఉన్నవారి మీదికి మళ్లుతుంది.

చట్టం వరకు చిక్కేమీ లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన పురుషుడి స్వార్జితంలో భార్యకు, తల్లికి, కొడుకులకు, కూతుళ్లకు తలా ఒక సమాన వాటా వస్తుంది; మొదటి భార్య బిడ్డా రెండో భార్య బిడ్డా అన్న తేడా గానీ, ఎవరింట పెరిగారన్న విచారణ గానీ అందులో లేదు. ఆడపిల్లల ఆస్తిహక్కు అనగానే మనవాళ్లు ఎన్‌.టి. రామారావు హయాంలో వచ్చిన సవరణనో, 2005 నాటి కేంద్ర సవరణనో తలుచుకుంటారు గానీ, అవి ప్రధానంగా ఉమ్మడి కుటుంబపు ఆస్తికి సంబంధించినవి. నానమ్మ ఎప్పుడో కాలం చేసింది కనుక మా ఇంటికి నాలుగు వాటాలు తేలాయి.

ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు పెట్టే దరఖాస్తులో ఆ పేరు రాయకపోతే అడిగేవాళ్లెవరని తమ్ముడికి తెలిసిన ఒకాయన సలహా ఇచ్చాడు. అలా రాయకుండా దాటవేస్తే అది తప్పుడు ప్రకటన అవుతుందని, రేపు ఇల్లు అమ్మబోతే ఆమె కోర్టుకు వెళ్లవచ్చని నేను వాదిస్తున్నాను. పక్కగదిలోంచి అమ్మ వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, కాగితం మీద తన పేరు కింద ఖాళీగా ఉన్న గడిని వేలితో చూపించింది. "ఇక్కడ దాని పేరు రాయరా. పెద్దది అదే కదా." తమ్ముడు మారు మాట్లాడకుండా రాశాడు.

అక్కయ్యకు ఫోన్ చేసింది నేనే. కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. చాలాసేపు పొడి మాటలే నడిచాయి. మన ఇళ్లలో ఆడపిల్ల పసుపు కుంకుమ కింద ఒక చీర పుచ్చుకుని సంతకం పెట్టేస్తే ఆమెను మహా మంచిదంటారు. తమ్ముడు ఆ మంచితనం కోసమే ఎదురుచూశాడని నాకు తెలుసు, కాస్తో కూస్తో నేను కూడా. అక్కయ్య అమ్మ వైపు తిరిగి, "నా వాటా నేను తీసుకుంటాను పిన్నీ. వద్దంటే నేను ఆయన కూతుర్ని కానని నా అంతట నేనే ఒప్పుకున్నట్టవుతుంది" అంది. అమ్మ ఏడ్చింది. ఆ ఒక్క మాటతోనే మా మధ్య బిగుసుకున్నదేదో సడలిందని నా నమ్మకం. ఆమె త్యాగం చేసి వెళ్లిపోయి ఉంటే మాకు జీవితాంతం ఆమె ముందు తలదించుకోవడమే మిగిలేది.

ఇల్లు అమ్మలేదు. కింది వాటా అద్దె నాలుగు భాగాలై నెలనెలా ఎవరిది వారికి చేరుతోంది. పోయిన నెల బోరు మోటారు కాలిపోతే తమ్ముడు బాగుచేయించి ఖర్చు రాసి పంపాడు. రసీదు ఏదని అక్కయ్య అడిగింది. "నా మీద ఆమాత్రం నమ్మకం లేదా?" అని వాడు గింజుకుంటే, "నమ్మకానికేం ఉంది గానీ, ఆ మెకానిక్ నీ దగ్గర ఎక్కువ గుంజాడురా" అంది.